ఉప్పెన ఆట

1977 చలికాలంలో మా ఊరి పిల్లలం ఒక కొత్త ఆట కనిపెట్టాం. దానికి కావలసినవి ఒక కొబ్బరి చిప్ప, గుప్పెడు చింతపిక్కలు, చెంబెడు నీళ్లు. చిప్ప ఇల్లు. పిక్కలు మనుషులు. పెద్ద పిక్క నాన్న, తర్వాతివి వరసగా నాయనమ్మ, అమ్మ, నేను. అన్నిటికన్నా చిన్నది తమ్ముడు. చిప్ప చుట్టూ మట్టితో కట్ట కట్టి, నోటితో గాలి హోరు పెడుతూ చెంబులోని నీళ్లు గుమ్మరించేవాళ్లం. చిప్ప తిరగబడేది. పిక్కలు కొట్టుకుపోయేవి. అన్నిటినీ వెతికి పట్టుకుని మళ్లీ చిప్పలో వేసేదాన్ని. చిన్న పిక్కను మాత్రం వేసేదాన్ని కాదు. ఆట మళ్లీ మొదటికి వచ్చేది.

నాకప్పుడు ఏడేళ్లు. దివిసీమలో నాగాయలంకకు దగ్గర్లోని పల్లె మాది. ఆ ఏడాది నవంబర్ 19, శనివారం, సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేల పైమాటే అంటారు. వాళ్లలో నాలుగేళ్ల మా తమ్ముడు ఒకడు.

నాయనమ్మ ఆ ఆట కంటపడినప్పుడల్లా చిప్పను కాలితో తన్నేసేది. "ఇంకోసారి ఆ ఆట ఆడావంటే చేతులు విరగ్గొడతా. ఇంటికి అరిష్టమే!" అని అరిచేది. ఒక రోజు నిజంగానే కొట్టింది. అంతకుముందు ఆవిడ నా మీద చెయ్యి చేసుకున్న గుర్తు లేదు. మేం ఆటను కాలవ గట్టు చాటుకు మార్చుకున్నాం. అది ఎప్పుడు ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో నాకు గుర్తు లేదు. ఆడినంత కాలం ఎవరూ నవ్వలేదని మాత్రం గుర్తుంది.

చాలా ఏళ్ల తర్వాత, క్లినికల్ సైకాలజీ చదువుతున్నప్పుడు, లైబ్రరీలో ఒక పాత వ్యాసం చేతికి తగిలింది. రాసింది లెనోర్ టెర్ అనే అమెరికన్ పిల్లల మనోవైద్యురాలు. మా ఉప్పెనకు పదహారు నెలల ముందు, 1976 జూలైలో, కాలిఫోర్నియాలోని చౌచిల్లా అనే చిన్న ఊళ్లో ముగ్గురు దుండగులు ఒక స్కూలు బస్సును అడ్డగించారు. అందులో 26 మంది పిల్లలు, డ్రైవరు ఉన్నారు. వాళ్లందరినీ తీసుకెళ్లి భూమిలో పాతిపెట్టిన ఒక ట్రెయిలర్‌లో బంధించారు. గంటల తరబడి చీకట్లో ఉండి, డ్రైవరు, పిల్లలు కలిసి దారి చేసుకుని బయటపడ్డారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ టెర్ ఆ పిల్లలను వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడితే వేరే సంగతి బయటపడింది. వాళ్లు ఆడే ఆటలు మారిపోయాయి. జరిగినదాన్నే తిప్పితిప్పి ఆడుతున్నారు. అందులో సంతోషం లేదు. ముగింపు మారదు. ఆడాక భయం తగ్గదు సరికదా, ఒక్కోసారి పెరుగుతుంది. 1981లో అచ్చయిన ఆ వ్యాసానికి ఆమె పెట్టిన పేరుకు తెలుగులో అర్థం 'నిషిద్ధమైన ఆటలు'.

ఆ పేజీల ముందు చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మా చిప్ప, మా పిక్కలు, మా కాలవ గట్టు అన్నీ అందులో ఉన్నాయి. నాయనమ్మ తన్నిన తాపు కూడా ఉన్నట్టే అనిపించింది. ఆ ప్రశ్నే నన్ను ఈ వృత్తిలోకి లాక్కొచ్చింది: ఆట పిల్లలకు మందు అంటారు కదా, మరి మా ఆట మాకెందుకు మందు కాలేదు?

ఆటను మందుగా వాడటం కొత్తేమీ కాదు. అన్నా ఫ్రాయిడ్, మెలనీ క్లైన్ దాదాపు వందేళ్ల కిందటే పిల్లల మనసులోకి ఆట గుండా వెళ్లే ప్రయత్నం చేశారు. వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో రాసిన 'ప్లే థెరపీ' పుస్తకం నేటికీ పాఠ్యగ్రంథమే. పెద్దవాళ్లు మాటల్లో చెప్పుకునేది పిల్లలు బొమ్మలతో చెబుతారు, వాళ్లను నడిపించకండి, వాళ్ల వెంట నడవండి అన్నది ఆమె బోధన సారాంశం. నేను నేర్చుకున్నదీ అదే. అయితే నేర్చుకున్నది ఆచరించడానికి నాకు చాలా కాలం పట్టింది.

2005 జనవరిలో, సునామీ వచ్చిన కొద్ది వారాలకు, ఒక స్వచ్ఛంద బృందంతో నాగపట్టణం వెళ్లాను. శిబిరంలో పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, వచ్చీరాని తమిళంలో "ఏం చూశావో చెప్పు, బొమ్మ గీసి చూపించు" అని అడిగాను. మాకన్నా ముందు వచ్చినవాళ్లూ అదే అడిగారు. మా తర్వాత వచ్చినవాళ్లూ అదే అడిగి ఉంటారు. ఒక పాప నల్ల క్రేయాన్‌తో పెద్ద అల గీసి, కాగితం నా చేతికిచ్చి, బిస్కెట్ ప్యాకెట్ కోసం చెయ్యి చాచింది. అది ఆ పాప గీసిన ఎన్నో అలో నేను అడగలేదు. విషాదం జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించేయడం వల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారాలు లేవని, కొందరికి హాని కూడా జరగవచ్చని అప్పటికే పరిశోధనలు చెబుతున్నాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలా చేయవద్దనే అంటోంది. ఆ సంగతి నేను తిరిగొచ్చాక చదివాను.

మెదడు శాస్త్రం వైపు నేను చూడటం మొదలుపెట్టింది అప్పుడే. కానీ అది నిజంగా ఎందుకు పనికొస్తుందో నాకు నేర్పింది పుస్తకాలు కాదు. ఆరేళ్ల కుర్రాడు. ఇక్కడ అతన్ని చిన్నోడు అంటాను. అతనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది. నగరంలో చెట్టన్నది మిగల్లేదు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. చిన్నోడిది తీరంలోని మత్స్యకారుల బస్తీ. ఆ రోజే వాళ్ల నాన్న పోయాడు. మూడు నెలల తర్వాత తల్లి అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది.

"రాత్రుళ్లు పడుకోడు మేడమ్. పడుకున్నా లేచొచ్చి తలుపు కాడ కూకుంటాడు. బళ్లో పిల్లల్ని కొట్టేస్తన్నాడంట. ఇదివరకు ఇలాగ కాదండి" అంది. టీచరు రాసిచ్చిన చీటీలో ఇంకో ఫిర్యాదు ఉంది. క్లాసును నిశ్శబ్దంగా ఉండమన్నప్పుడల్లా ఈ పిల్లవాడు బల్ల మీద బాదుతాడు, అరుస్తాడు. మొండి.

నా గది మీద నాకు గర్వం ఉండేది. కిటికీలకు మందపాటి తెరలు, తక్కువ వెలుతురు, చప్పుడు చేయని ఫ్యాను. లోపలికి వచ్చిన ఎవరికైనా ప్రశాంతంగా అనిపించాలని కోరి తీర్చిదిద్దుకున్నాను. మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం కూడా అలవాటు చేసుకున్నాను. చిన్నోడు మొదటి రోజు బొమ్మల అర మొత్తం కింద పడేశాడు. రెండో రోజు తలుపును తన్నాడు. మూడో రోజు నా చెయ్యి కొరికాడు. ఫైలులో 'దూకుడు స్వభావం' అని రాసుకున్నాను. నేను గొంతు ఎంత తగ్గిస్తే అతను అంత పెంచుతున్నాడన్నది మాత్రం గమనించలేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. తెరల వెనక వీధి చప్పుడు కూడా లేదు. చిన్నోడు బల్ల కిందికి దూరిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. లాగు తడిసిపోయింది.

ఆ సాయంత్రం వాళ్లమ్మను పక్కకు పిలిచి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఆయన ఎలా పోయాడు?

"గాలాగిపోయింది కదండీ. అయిపోయిందనుకుని బోటు ఎలాగుందో సూడ్డానికి ఎల్లాడు. మళ్లొచ్చేసింది. గోడ పడిపోయింది."

ఆ రోజు విశాఖలో ఉన్నవారికి ఇది అర్థమవుతుంది. తుపాను కన్ను నగరం మీదికి వచ్చినప్పుడు గాలి ఉన్నట్టుండి పడిపోయింది. అయిపోయిందనుకుని చాలామంది బయటికి వచ్చారు. నేనూ బాల్కనీలోకి వచ్చాను. కాసేపటికి గాలి తిరిగొచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. చిన్నోడిని భయపెట్టేది హోరు కాదు. నిశ్శబ్దం. నేను ఎంతో శ్రద్ధగా తయారుచేసుకున్న ఆ ప్రశాంతమైన గదిలో అతను వారం వారం గోడ కూలడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడే మెదడు శాస్త్రం నాకు పనికొచ్చింది. మన మెదడులో, చెవుల స్థాయిలో లోపలగా, బాదం గింజంత అమిగ్దలా ఉంటుంది. ప్రమాదం వాసన పట్టడంలో దానిది ముఖ్యపాత్ర. ప్రమాదం జరిగిన క్షణంలో చుట్టూ ఏమున్నా, అంటే ఒక వాసన, ఒక రంగు, ఒక చప్పుడు, చివరికి చప్పుడు లేకపోవడం కూడా, ప్రమాదానికి గుర్తుగా ముద్రపడిపోవచ్చు. తర్వాత ఆ గుర్తు ఎదురైతే చాలు, ఆలోచన మొదలయ్యేలోపే శరీరం స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది. అడ్రినలిన్, కార్టిసోల్ విడుదలవుతాయి. "ఇది అప్పుడు కాదు, ఇప్పుడు. ఇది ఆ చోటు కాదు" అని సర్దిచెప్పాల్సింది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటాలి. ఆరేళ్ల పిల్లవాడిలో అది ఇంకా నేర్చుకునే దశలోనే ఉంటుంది. అంటే నేను 'మొండి', 'దూకుడు' అని రాసుకున్నది అతని స్వభావం కాదు. నిశ్శబ్దాన్ని చెదరగొట్టడానికి అతని శరీరానికి తెలిసిన ఒకే ఒక్క మార్గం.

జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఎలుక పిల్లల ఆటలను జీవితకాలం అధ్యయనం చేశాడు. ఎలుక పిల్లలు ఒకదాన్నొకటి పడదోసుకుంటూ కుస్తీ పడతాయి. మెదడు పైపొర తొలగించినా ఆ ఆట పోదు. ఆట అంత లోతైనది, అంత పాతది. కానీ అవి ఆడుకునే చోట పిల్లి వెంట్రుకలు కొన్ని పెడితే ఆట ఠక్కున ఆగిపోతుంది. ల్యాబ్‌లో పుట్టి పెరిగిన ఆ ఎలుకలు పిల్లిని చూసి కూడా ఎరగవు. వెంట్రుకలు తీసేశాక కూడా కొన్ని రోజుల పాటు ఆ చోట ఆట మునుపటిలా సాగదు. ఎలుకకు పిల్లి భయం పుట్టుకతో వచ్చినది, చిన్నోడి భయం అనుభవంతో వచ్చినది. ఆ తేడా ఉంది. కానీ పాఠం ఒకటే. భయం ఉన్నచోట ఆట పుట్టదు. నేను ముందు వెతకాల్సింది బొమ్మలు కాదు, నా గదిలోని పిల్లి వెంట్రుకను.

మర్నాడు తెరలు తీసేశాను. కిటికీలు తెరిచాను. వంటింట్లోంచి రెండు స్టీలు పళ్లేలు, రెండు గరిటెలు తెచ్చాను.

అమెరికాలో బ్రూస్ పెర్రీ అనే పిల్లల మనోవైద్యుడు ఉన్నారు. 1993లో టెక్సస్‌లోని వేకోలో ఒక మత వర్గం స్థావరాన్ని ప్రభుత్వ బలగాలు ముట్టడించినప్పుడు, అక్కడి నుంచి బయటికొచ్చిన 21 మంది పిల్లల బాధ్యత ఆయన బృందం మీద పడింది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ పిల్లల గుండెలు పరుగెత్తినట్టు కొట్టుకునేవని ఆయన రాశారు. అలాంటి పిల్లలతో పనికి ఒక వరస ఉండాలంటారు ఆయన. ముందు శరీరం కుదుటపడాలి. తర్వాత మనిషితో బంధం కుదరాలి. మాట, ఆలోచన చివర్న. మొదటి మెట్టుకు ఒక లయలో సాగే కదలికలు, అంటే ఊగడం, నడవడం, దరువు వేయడం లాంటివి పనికొస్తాయని ఆయన వాదన. ఇదంతా పూర్తిగా రుజువైందని నేను చెప్పను. కానీ మన ఇళ్లలో ఏడ్చే పసిబిడ్డను ఎవరూ తర్కంతో ఊరుకోబెట్టరు. భుజాన వేసుకుని ఊపుతారు. ఉయ్యాల, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప అన్నిట్లోనూ ఉన్నది లయే.

చిన్నోడు, నేను పళ్లేలు వాయించాం. రెండు వారాల పాటు అదే పని. పక్క గదిలోని అకౌంటెంటు వచ్చి తలుపు కొట్టాడు కూడా. అతను వేసిన దరువు నేను వేయాలి, నేను వేసింది అతను వేయాలి. మూడో వారంలో ఒక ఆట మొదలుపెట్టాం. మన పిల్లలందరికీ తెలిసిందే, స్టాచ్యూ. వాయిస్తూ గంతులేయాలి. "స్టాచ్యూ" అనగానే పళ్లెం ఆగాలి, మనిషి బిగుసుకుపోవాలి. అయితే ఒక నియమం పెట్టుకున్నాం. రెండు అంకెలు లెక్కపెట్టేలోపు పళ్లెం మళ్లీ మోగి తీరాలి. "స్టాచ్యూ" అనే అధికారం చిన్నోడిదే. అంటే నిశ్శబ్దం ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో అతనే చెబుతాడు.

రెండు అంకెలు మూడయ్యాయి. మూడు ఐదయ్యాయి. ఒక్కోసారి మళ్లీ రెండుకు వచ్చాం. రెండో నెల చివరికి పది అంకెల నిశ్శబ్దంలో, ఒంటికాలి మీద నిలబడి ఊగిపోతున్న నన్ను చూసి, చిన్నోడు ఫక్కున నవ్వాడు. అతని నవ్వు నేను వినడం అదే మొదలు.

భయం పోవడం అంటే పాత జ్ఞాపకం చెరిగిపోవడం కాదని మెదడు శాస్త్రం చెబుతుంది. పాత ముద్ర అక్కడే ఉంటుంది. దాని పక్కన, "నిశ్శబ్దం వచ్చినా ఏమీ కాలేదు" అనే కొత్త పాఠం చేరుతుంది. ఆ కొత్త పాఠం బలపడేకొద్దీ పాతదాన్ని అదుపు చేస్తుంది. దానికి కావలసింది ఒక్క గొప్ప రోజు కాదు. భరించగలిగినంత చిన్న మోతాదులో, నమ్మదగిన మనిషి సమక్షంలో, చాలాసార్లు జరగడం. స్టాచ్యూ ఆటకు అంతకన్నా మంచి నిర్వచనం నాకు తెలియదు.

ఆ తర్వాతే చిన్నోడు ఇసుక దగ్గరికి వెళ్లాడు. ఇసుక నింపిన పళ్లెంలో చిన్న చిన్న బొమ్మలతో పిల్లలు తమ లోకాన్ని కట్టుకునే పద్ధతిని మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ 1929 ప్రాంతంలో లండన్‌లో మొదలుపెట్టారు. చిన్నోడు అగ్గిపెట్టెతో ఇల్లు కట్టాడు. లోపలి నుంచి ఒక బొమ్మ బయటికొచ్చింది. పక్కనే నిలబెట్టిన చెక్కముక్క దాని మీద పడింది. బొమ్మను ఇసుకలో కప్పాడు. తీశాడు. మళ్లీ ఇల్లు, మళ్లీ గోడ. మూడు వారాల్లో పందొమ్మిది సార్లు లెక్కపెట్టాను. నా కొబ్బరి చిప్ప నా కళ్ల ముందు తిరగబడుతూనే ఉంది.

టెర్ చెప్పిన హెచ్చరిక ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఇలాంటి ఆటను ఊరికే సాగనిస్తే అది గానుగెద్దు నడకలా తిరుగుతూనే ఉండవచ్చు. అలాగని మా నాయనమ్మలా తన్నేయనూకూడదు. నేను చేసింది చాలా తక్కువ. పక్కన కూర్చున్నాను. అతని భుజాలు, ఊపిరి చూశాను. ఊపిరి బిగబట్టినప్పుడు పళ్లెం అందించాను, ఇద్దరం కాసేపు వాయించాం. అప్పుడప్పుడు ఒక చిన్న ప్రశ్న అడిగాను. "ఇంట్లో ఇంకెవరున్నారు?" ఒక రోజు అతను ఒక గవ్వ తీసి అగ్గిపెట్టెలో పెట్టాడు. "ఇదెవరు?" అంటే చెప్పలేదు.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, నా వైపు వీపు పెట్టి పళ్లెం వాయిస్తూ అన్నాడు: "నేనే చెప్పాను. గాలాగిపోయింది నాన్నా అని."

నా చెయ్యి ఆగబోయింది. ఆగితే గదిలో నిశ్శబ్దం వస్తుంది. ఆపలేదు. ఇన్నేళ్లు చదివిన మెదడు శాస్త్రం ఆ క్షణంలో నాకు చెప్పింది ఆ ఒక్కటే: గరిటె ఆపకు. కాసేపు అలాగే వాయించి, దరువు మారకుండా చెప్పాను. "గాలి ఆగిపోయిందని ఊరందరూ అనుకున్నారురా. నేనూ అనుకున్నాను. నేనూ బయటికొచ్చాను."

అతను వెనక్కి తిరిగాడు. "మీరూనా?"

"నేనూ."

ఆ వాక్యం ఏ స్కానింగ్‌లోనూ కనపడదు. అందుకే, మెదడు శాస్త్రానికి ఇంత రుణపడి ఉన్నా, దాని గురించి ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఈ మధ్య మా రంగంలో మెదడు బొమ్మ లేని ఉపన్యాసం లేదు. ఎర్రగా వెలిగే భాగం చూపించి, ఇదిగో గాయం అంటారు. మన తలలో బల్లి మెదడు, జంతువు మెదడు, మనిషి మెదడు అని మూడు అంతస్తులున్నాయంటారు. పాల్ మెక్‌లీన్ ప్రతిపాదించిన ఆ మూడంతస్తుల నమూనాను నేటి పరిణామ శాస్త్రవేత్తలు అంగీకరించడం లేదు. బోధనకు అనువైన ఉపమానంగా తప్ప దానికి విలువ లేదు. భయానక అనుభవాన్ని గుర్తుచేస్తే మెదడులో మాటకు సంబంధించిన బ్రోకా ప్రాంతం మందగిస్తుందని 1996 నాటి ఒక అధ్యయనం చూపింది. దాన్ని తరచూ ఉదహరిస్తారు. అది కొద్దిమంది పెద్దవాళ్ల మీద జరిగిన చిన్న అధ్యయనమన్నది చెప్పరు. పిల్లల్లో ఇలాంటి గాయాలకు ఎక్కువ పరిశోధన బలం ఉన్న చికిత్స ఈనాటికీ ట్రామా మీద దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీయే. ఆట చికిత్స మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. చిన్న పిల్లల దగ్గర ఈ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి నాకు పేచీ లేదు. కానీ ఆధారం ఎంత ఉందో అంతే చెప్పాలి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మెదడు దెబ్బతింది' అన్న మాట విన్న తల్లిదండ్రులు, ఇక ఇంతేనేమో అనుకుంటారు. అది నిజం కాదు. రుమేనియా అనాథాశ్రమాల పిల్లల మీద 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనాన్ని వాళ్లకు చెబుతుంటాను. అందులో 136 మంది పసిపిల్లలు ఉన్నారు. వాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆశ్రమంలోనే ఉండిపోయినవారితో పోలిస్తే వీళ్లు చాలా విషయాల్లో మెరుగుపడ్డారు. మరీ ముఖ్యంగా రెండేళ్లలోపు కుటుంబంలోకి వెళ్లినవారి మెదడు తరంగాలు కూడా మామూలు పిల్లల తరంగాలకు దగ్గరయ్యాయి. అన్నీ సర్దుకోలేదు. కానీ దెబ్బ తగిలిన మెదడుకు నేర్చుకునే శక్తి పోలేదు. వాళ్లకు అందిన మందు ఏమిటంటే, ఎత్తుకునే ఒక మనిషి.

పిల్లల కోసం ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు మన జిల్లాల్లో ఎంత తక్కువో అందరికీ తెలిసిందే. ఒడిశా సూపర్ సైక్లోన్, భుజ్ భూకంపం, సునామీల తర్వాత బెంగళూరులోని నిమ్హాన్స్ నిపుణులు చేసిన మంచి పని ఒకటుంది. టీచర్లు, స్థానిక కార్యకర్తల వంటి మామూలు మనుషులకు మొదటి పాఠాలు నేర్పడం. మనకు కావలసిందీ అదే. పిల్లవాడిని ఏం జరిగిందో చెప్పమని పదేపదే తవ్వకండి. తిండి, నిద్ర, బడి వేళలు వీలైనంత త్వరగా మామూలుగా చేయండి. చావు గురించి అబద్ధం చెప్పకండి. వాడు అదే ఆట ఆడుతుంటే కొట్టకండి, పక్కన కూర్చోండి. నెల దాటినా నిద్ర, తిండి, ఆట దారిలో పడకపోతే సాయం అడగండి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు. మొండివాడని రాసే ముందు, నాలాగా కాకుండా, వాడికి దేనివల్ల భయమో ఒకసారి వెతకండి.

చిన్నోడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాళ్లమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఇప్పటికీ ఒకసారి తలెత్తి చూస్తాడట. చూసి, మళ్లీ పుస్తకంలోకి వెళ్తాడట.

మా నాయనమ్మ 1991లో పోయింది. ఆ ఏడాదే, పెద్దకర్మ అయ్యాక ఒక రాత్రి, అమ్మ నాకు చెప్పింది. ఉప్పెన రాత్రి తమ్ముడు ఉన్నది నాయనమ్మ చేతిలో. చెట్టు మీదికి ఎక్కిస్తుంటే చెయ్యి జారిపోయింది. ఆ సంగతి ఆవిడ పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఎవరూ అడగలేదు. అప్పుడు ఆ మాటను విని ఊరుకున్నాను. దాని బరువు తెలిసింది మాత్రం చిన్నోడి గొంతులో "నేనే చెప్పాను" అన్న మాట విన్న రోజు. ఏడేళ్ల నేను ఆవిడ కళ్లెదుట చిప్ప తిరగేసి, అన్ని పిక్కలనూ ఏరి, చిన్న పిక్కను మాత్రం ఏరకుండా వదిలేసేదాన్ని. రోజుకు ఎన్నిసార్లో. అది నా ఆట అనుకున్నాను. ఆవిడకు అది ఆట కాదు. ఆ రోజుల్లో నా పక్కన కూర్చునే మనిషి లేకపోయిన మాట నిజమే. ఆవిడ పక్కన కూడా ఎవరూ లేరు.

నా గదిలో బొమ్మల అరలో ఇప్పుడు ఒక కొబ్బరి చిప్ప, కాసిని చింతపిక్కలు ఉంటాయి. చాలామంది పిల్లలు వాటి జోలికి పోరు. కిందటి నెలలో ఒక పాప చిప్పను తీసి, పిక్కలు ఒక్కొక్కటే అందులో వేసి, నీళ్లు కావాలంది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాను.